ఇరుసుకు ముందా, వెనకా: పాత పికప్ బండ్ల బరువు లెక్క

పలాస, కాశీబుగ్గ వైపు జీడి పిక్కల బస్తా అంటే 80 కిలోలు. పది బస్తాలు వేస్తే 800 కిలోలు. బండిని కాటా ఎక్కిస్తే బస్తాలు ఎలా పేర్చినా చీటీలో వచ్చే అంకె ఒకటే. పాత టాటా మొబైల్ లాంటి చిన్న పికప్‌కు మాత్రం ఆ పది బస్తాలను క్యాబిన్ గోడకు ఆనించి వేశారా, వెనక తలుపు దగ్గర కుప్పగా పడేశారా అన్నది చాలా పెద్ద తేడా. ముందుకు వేస్తే బండి బరువుగా, నిదానంగా, చెప్పిన మాట వింటూ వెళ్తుంది. వెనక్కి వేస్తే అదే బండికి స్టీరింగ్ తేలిపోతుంది, చిన్న గతుకుకే ముక్కు పైకెత్తుతుంది.

ఎద్దుబండి తోలినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. రెండు చక్రాల బండికి ఉండేది ఒకటే ఇరుసు. ధాన్యం బస్తాలు ముందువైపు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడల మీద కూర్చుంటుంది. వెనక ఎక్కువైతే కాడి పైకి లేచి మెడ కింది తాడు గొంతుకు బిగుస్తుంది. అందుకే లోడు వేసేటప్పుడు కాడిని చేత్తో ఎత్తి చూసి, ఒక బస్తా ముందుకో వెనక్కో జరిపించేవారు. నాలుగు చక్రాల బండి వచ్చాక ఆ చేతి పరీక్ష పోయింది. ముందు ఇంకో ఇరుసు ఉంది కదా, అదే చూసుకుంటుందిలే అన్న ధీమా వచ్చింది. ఆ ధీమాలో ఎంత పస ఉందో తేలాలంటే ముందు ఈ బండ్ల సొంత బరువు ఎంతో చూడాలి.

టన్ను బండి మీద టన్ను సరుకు

చిన్న పికప్ అనే రకాన్ని ప్రపంచానికి అలవాటు చేసింది ప్రధానంగా జపాన్ కంపెనీలు. 1968లో వచ్చిన మొదటి టయోటా హైలక్స్, 1972 నాటి డాట్సన్ 620, మాజ్డా తయారు చేసి ఇస్తే అమెరికాలో ఫోర్డ్ పేరుతో అమ్ముడైన కొరియర్, ఇసుజు చేసి ఇచ్చిన షెవర్లే లవ్, ఇవన్నీ ఒక కాలానివి, దాదాపు ఒకే కొలతలవి. ముందు వెనక ఇరుసుల మధ్య దూరం ఇంచుమించు రెండున్నర మీటర్లు. ఖాళీ బరువు టన్నుకు కాస్త అటూ ఇటూ, కొన్ని రకాల్లో 1,200 కిలోల దాకా. మోసే సరుకు రకాన్ని బట్టి అర టన్ను నుంచి టన్ను వరకు. అంటే గట్టి రకాలు తమ బరువంత సరుకును తమ మీద వేసుకుని తిరిగేవి. మన దేశంలో 2022 నుంచి అమ్ముతున్న హైలక్స్ ఖాళీగానే రెండు టన్నులు దాటుతుంది. పేరు అదే, బరువు రెట్టింపు.

పాత బండి అంత తేలిగ్గా ఎలా ఉండేదంటే, అందులో ఏమీ ఉండేది కాదు కాబట్టి. నిచ్చెన లాంటి చాసిస్, దాని మీద పల్చటి రేకు క్యాబిన్, ఒకటే పొడుగు సీటు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు, తలుపుల లోపల ఢీకొంటే కాసే ఉక్కు కడ్డీలు లేవు, ఎయిర్ బ్యాగులు లేవు. నిజంగా బరువైనవి రెండే: ముందున్న పోత ఇనుము ఇంజిన్, వెనకున్న ఇరుసు. మిగతాదంతా రేకు, గాలి. పాత బండ్లను మెచ్చుకునేవాళ్లు ఈ తేలికదనాన్నే మెచ్చుకుంటారు. ఢీకొన్నప్పుడు ఆ తేలికదనానికి చెల్లించే ధర గురించి పెద్దగా మాట్లాడరు.

ఆ జపాన్ పికప్‌లు మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించినవి కావు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వాటి పని చేసినవి వేరే. జీపు చాసిస్ మీద మహీంద్రా కట్టిన బండ్లు, బజాజ్ టెంపో వారి మెటాడోర్, ఆ తర్వాత 1988లో టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) తెచ్చిన టాటా మొబైల్ 206. ఎనభైల్లో జపాన్ కంపెనీలతో కలిసి వచ్చిన ఆల్విన్ నిస్సాన్, స్వరాజ్ మాజ్డా, డీసీఎం టయోటా లాంటివి కాస్త పెద్ద తరగతి, చిన్న లారీలు. బానెట్ ముందుకు పొడుచుకొచ్చి, వెనక తొట్టి ఉన్న అసలు సిసలు పికప్ అంటే మన వైపు టాటా మొబైలే. లారీలు చేసే కంపెనీ కార్ల వైపు నడిచింది కూడా దీని మీదుగానే. 1991లో వచ్చిన సియెరా, ఆ వెంట వచ్చిన ఎస్టేట్, 1994 నాటి సుమో, అన్నీ ఈ కుదురులోంచి వచ్చినవే. 2005లో టాటా ఏస్ వచ్చింది. 702 సీసీ, రెండు సిలిండర్ల ఇంజిన్, 750 కిలోల సరుకు, సొంత బరువు 800 కిలోల చుట్టుపక్కల. కాలం మారినా సూత్రం మారలేదు: బండి ఎంతో, సరుకూ అంతే.

(కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే బండికి 50 ఏళ్లు దాటాలి. ఆ లెక్కన టాటా మొబైల్‌కు ఇంకా వయసు చాలదు. ఇక్కడ పాత బండి అంటే కాగితం మీద వింటేజ్ అని కాదు, ఆ పద్ధతిలో కట్టిన బండి అని.)

బండి బరువూ సరుకు బరువూ సమానం కావడంలోనే అసలు చిక్కంతా ఉంది. టన్ను బరువున్న కారులో ఐదుగురు ఎక్కితే బరువు మూడో వంతు పెరుగుతుంది. అదీ రెండు ఇరుసుల మధ్యలో పడుతుంది. పికప్ మీద బరువు ఏకంగా రెట్టింపుకు దగ్గరవుతుంది, అదీ ఒక చివర పడుతుంది. అందువల్ల పొద్దున ఖాళీగా పొలానికి వెళ్లిన బండి, సాయంత్రం లోడుతో తిరిగొచ్చిన బండి, నంబరు ప్లేటు ఒకటే అయినా రెండు వేర్వేరు బండ్లు.

యాభై సెంటీమీటర్ల దూరంలో 160 కిలోలు

లెక్క కోసం ఒక బండిని ఊహించుకుందాం. ఖాళీ బరువు 1,200 కిలోలు. ఇరుసుల మధ్య దూరం 2.5 మీటర్లు. ఇంజిన్, గేర్‌బాక్స్, క్యాబిన్ అన్నీ ముందే ఉన్నాయి కాబట్టి ముందు ఇరుసు మీద 680 కిలోలు, వెనక ఇరుసు మీద 520. శాతాల్లో 57, 43. ఈ రకం బండ్లన్నీ ఖాళీగా ఉన్నప్పుడు కాస్త అటూ ఇటూగా ఇలాగే ముందు బరువుతో ఉంటాయి.

ఇప్పుడు ఆ పది బస్తాలు. మొత్తం లోడు బరువు ఎక్కడ కేంద్రమై ఉందో అది వెనక ఇరుసుకు 25 సెంటీమీటర్లు ముందుకు పడేలా పేర్చారనుకుందాం. 800 కిలోలను 0.25తో హెచ్చించి 2.5తో భాగిస్తే 80. ఆ 80 కిలోలు ముందు ఇరుసు మీదకు వెళ్తాయి, మిగతా 720 వెనక పడతాయి. ముందు 760, వెనక 1,240. బాగా పేర్చిన లోడులో కూడా పదిలో తొమ్మిది వంతులు వెనక ఇరుసే మోస్తోందన్నది గమనించాలి. తొట్టి ఇరుసుల మధ్య ఉన్నట్టు కంటికి కనిపిస్తుంది. నిజానికి దాని నడిమి భాగం వెనక చక్రాల నెత్తి మీదే ఉంటుంది.

అవే బస్తాలను తలుపు వైపు లాగి, లోడు కేంద్రం ఇరుసుకు 25 సెంటీమీటర్లు వెనక్కి పడితే లెక్క తిరగబడుతుంది. ముందు ఇరుసు 80 కిలోలు కోల్పోతుంది. అంటే ముందు 600, వెనక 1,400. బండి మొత్తం బరువు అదే 2,000. లోడు జరిగింది మూర కంటే కొంచెం ఎక్కువ. ఆ కాస్త దూరానికే ముందు చక్రాల మీద 160 కిలోలు తగ్గి, వెనక చక్రాల మీద 160 కిలోలు పెరిగాయి. కాటా చీటీలో దీని జాడే ఉండదు. బండి ఖాళీగా ఉన్నప్పటి కన్నా లోడు వేశాక ముందు ఇరుసు తేలికైందన్న మాట చాలామందికి వింతగా తోస్తుంది, కానీ తులాభారం లెక్క ఒప్పుకుంటే ఇదీ ఒప్పుకోవాల్సిందే.

విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూసినవాళ్లకు ఈ సూత్రం వేరే చెప్పక్కర్లేదు. అంత పొడవు మాను కొసన కూర్చున్నది ఒక్క పూజారి. ఆ ఒక్క మనిషి కోసం మాను మొదలు దగ్గర ఎంత పట్టు, ఎంత బరువు, ఎన్ని తాళ్ల బిగింపు కావాలో కళ్ల ముందే ఉంటుంది. బరువు ఎంత అన్నదాని కన్నా ఆనిక నుంచి ఎంత దూరంలో ఉంది అన్నదే పెత్తనం చేస్తుంది.

దానికి సరైన ఉదాహరణ సరుగుడు వాసాల లోడు. వెదురు బొంగులైనా అంతే. తొట్టి పొడవు చాలక సగం వాసాలు బయటికి వేలాడుతుంటాయి, చివర ఒక ఎర్ర గుడ్డ కడతారు. బరువు 400 కిలోలే అనుకుందాం, బస్తాల్లో సగం. వాటి కేంద్రం వెనక ఇరుసు దాటి 75 సెంటీమీటర్లు అవతల పడితే ముందు ఇరుసు 120 కిలోలు కోల్పోయి 560కి దిగుతుంది. పది బస్తాలు తప్పుగా వేసినప్పటి కన్నా ఇది తక్కువ. సగం లోడే కదా అని వేగంగా తోలే బండి, నిజానికి నిండు లోడు బండి కన్నా తేలికైన ముక్కుతో వెళ్తోంది. మలుపులో స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు తిరుగుతాయి, బండి మాత్రం కాస్త ఆలస్యంగా తిరుగుతుంది. ఎర్ర గుడ్డ వెనక వచ్చేవాళ్లకు హెచ్చరిక. తోలేవాడికి హెచ్చరిక స్టీరింగ్‌లోనే ఉంటుంది, అది చేతికి తేలిగ్గా తగలడమే.

సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ ఎక్కేటప్పుడు ఈ లెక్కకు ఇంకొంత కలుస్తుంది. 26వ నంబరు జాతీయ రహదారిలో ఆ భాగమంతా ఎక్కుడు, మలుపులే. పది మీటర్లకు ఒక మీటరు ఎక్కే వాలు మీద మన 2,000 కిలోల బండి ముందు ఇరుసు నుంచి సుమారు 70 కిలోలు వెనక్కి జారతాయి. బాగా పేర్చిన లోడైతే ముందు ఇంకా 690 మిగులుతాయి, అంటే ఖాళీ బండికి ఉన్నంత. వెనక్కి పేర్చిన లోడైతే 530 దగ్గర ఆగుతుంది.

ఇక్కడ మెటాడోర్ సంగతి వేరు. అది ముందు చక్రాలతో లాగే బండి. వెనక చక్రాలతో తోసే బండికి లోడు పడితే పట్టు పెరుగుతుంది. మెటాడోర్‌కు తిరగబడి లోడు పెరిగేకొద్దీ లాగే చక్రాల వాటా తగ్గుతుంది, ఎక్కుడులో ఇంకా తగ్గుతుంది. ఇంజిన్‌కు సత్తువ ఉన్నా వానలో ముందు చక్రాలు జారి అక్కడే గిరగిరా తిరగడానికి కారణం అదే. లోపం ఇంజిన్‌ది అనుకుని ఇంజిన్ విప్పించినవాళ్లు ఉంటే ఆశ్చర్యం లేదు. వెనక చక్రాలతో నడిచే పికప్‌కు ఇదే ఇబ్బంది ఖాళీగా ఉన్నప్పుడు వస్తుంది. తోసే చక్రాల మీద 43 శాతమే ఉంటుంది, అదీ బురదలో చాలదు. తొట్టిలో వంద కిలోల ఇసుక బస్తాలు సరిగ్గా ఇరుసు మీద వేస్తే 48 శాతం దగ్గరికి వస్తుంది. తలుపు దగ్గర వేస్తే శాతం ఇంకాస్త పెరుగుతుంది కానీ ఆ పెరిగింది ముందు చక్రాల నుంచి దొంగిలించినది.

క్యాబిన్ రూపాన్ని బట్టి కూడా ఈ వాటాలు మారతాయి. టాటా 407 లాంటి బండ్లలో క్యాబిన్ చాలావరకు ఇంజిన్ మీదే కూర్చుంటుంది కాబట్టి తొట్టి ముందుకు జరిగి వస్తుంది, లోడు కేంద్రం ఇరుసుకు బాగా ముందు పడుతుంది. ఏస్‌లో ఇంజిన్ సీటు కిందికి వెళ్లింది కూడా ఈ లాభం కోసమే. బానెట్ ఉన్న పికప్‌లో ఆ జాగా ముక్కు తినేస్తుంది. డబుల్ క్యాబ్ అయితే మరీను. వెనక సీటు కోసం క్యాబిన్ పొడిగించిన కొద్దీ తొట్టి వెనక్కి పోయి, దాని నడిమి భాగం ఇరుసు మీదకో, ఇరుసు దాటో వెళ్తుంది. ఇంటిల్లిపాదీ కూర్చోవడానికి బాగుంటుంది. బస్తాలు మోయడానికి మాత్రం అది చెడగొట్టిన పికప్ అన్నది పక్షపాతం లేని మాట.

బ్రేకు తొక్కినప్పుడు

నిలబడి ఉన్న బండి లెక్క ఇంతవరకు. బ్రేకు తొక్కగానే బరువు ముందుకు ఒరుగుతుంది. ఎంత ఒరుగుతుందన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: బండి బరువు, బరువు కేంద్రం నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, ఇరుసుల మధ్య దూరం ఎంత. ఖాళీ బండికి ఆ ఎత్తు 60 సెంటీమీటర్లు, లోడు బండికి 85 అనుకుని, గట్టిగా బ్రేకు వేసిన సందర్భం, అంటే పైనుంచి పడే వస్తువు వేగం ఎంత జోరుగా పెరుగుతుందో అందులో సగం జోరుతో బండి వేగం తగ్గే సందర్భం తీసుకుంటే ఖాళీ బండిలో 144 కిలోలు, లోడు బండిలో 340 కిలోలు వెనక నుంచి ముందుకు వస్తాయి.

ఖాళీ బండిలో ఆ క్షణాన ముందు 824, వెనక 376. మొత్తంలో వెనక వాటా 31 శాతం. లోడు సరిగా పేర్చిన బండిలో ముందు 1,100, వెనక 900. వెనక వాటా 45 శాతం. వెనక బ్రేకుల సామర్థ్యాన్ని లోడుకు తగ్గట్టు పెడితే ఖాళీగా ఉన్నప్పుడు అవి చక్రాలను బిగబట్టేస్తాయి, వెనక భాగం పక్కకు జారి బండి అడ్డం తిరుగుతుంది. ఖాళీకి తగ్గట్టు పెడితే లోడుతో ఆగదు. పాత బండ్లలో చాలావాటికి ఈ వాటా ఫ్యాక్టరీలో ఒకసారి బిగించినదే, మారదు. అందుకే తొలకరి వానకు తడిసిన తారు మీద అడ్డం తిరిగే పికప్‌ల గురించి విన్నప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న, లోడు ఉందా లేదా అని. ఖాళీ బండి కదా, భయమేముంది అనుకునే చోటే ప్రమాదం ఎక్కువ.

తర్వాతి బండ్లలో దీనికి ఒక చిన్న ఉపాయం వచ్చింది. వెనక ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య ఒక కడ్డీ, దాని పై కొసన ఒక వాల్వు. లోడు పడి చాసిస్ కిందికి కుంగితే కడ్డీ కదిలి, వెనక బ్రేకులకు వెళ్లే ఒత్తిడి పెరుగుతుంది. ఖాళీ అయితే తగ్గుతుంది. అంటే బండి కుంగిందా లేదా అన్నదే ఆ వాల్వుకు కాటా. తుప్పు పట్టి కదలకపోతే, లేదా కడ్డీ ఊడి ఎవరో తీగతో కట్టేస్తే అది పనిచేయదు. పాత బండి కొనేవాళ్లు ఇంజిన్ పొగ చూస్తారు, టైర్లు చూస్తారు. వంగి ఈ కడ్డీని చూసేవాళ్లు తక్కువ.

ఇంకో తిరకాసు ఉంది. లోడుకు బండి కుంగుతోందని కమాన్ కట్టల్లో, అంటే ఇరుసు మీద బండిని మోసే ఉక్కు పట్టీల స్ప్రింగుల్లో, ఒక పట్టీ అదనంగా వేయిస్తారు. బండి నిటారుగా నిలబడుతుంది, యజమానికి తృప్తి. కానీ ఇరుసు మీద పడే బరువు ఒక్క కిలో కూడా తగ్గలేదు. బేరింగులు, టైర్లు, ఇరుసు గొట్టం అన్నీ ముందెంత మోసేవో అంతే మోస్తున్నాయి. ఆ వాల్వు ఉన్న బండిలోనైతే ఇంకా అన్యాయం: చాసిస్ కుంగలేదు కాబట్టి బండి ఖాళీగా ఉందని వాల్వు నమ్ముతుంది, నిండు లోడుతో వెనక బ్రేకులకు సగం ఒత్తిడే పంపుతుంది.

కమాన్ల విషయంలో పాత పికప్‌ల మీద ఒక ఫిర్యాదు ఎప్పుడూ వినిపిస్తుంది, ఖాళీగా వెళ్తే నడుము విరిగిపోతుందని. అది కంపెనీ పిసినారితనం కాదు. మన బండిలో ఖాళీగా వెనక 520 కిలోలు ఉన్నాయన్నాం. అందులో ఇరుసు, చక్రాల బరువు 150 దాకా తీసేస్తే కమాన్ల మీద నిజంగా ఆనేది 370. లోడు వేస్తే అది 1,090. మూడు రెట్లు. బరువు పెరిగేకొద్దీ దాని వర్గమూలం మేర ఊగే వేగం తగ్గుతుంది కాబట్టి, లోడుతో సెకనుకు ఒకటిన్నర సార్లు హాయిగా ఊగే కమాను ఖాళీగా రెండున్నర సార్లకు పైగా ఎగిరిపడుతుంది. ఉద్దానంలో కొబ్బరి తోటల మధ్య మట్టి బాటల మీద ఖాళీ పికప్ వెనక భాగం గొర్రెపిల్లలా గంతులు వేసేది ఇందుకే. గంతు వేసిన క్షణంలో చక్రానికి నేల మీద పట్టు ఉండదు. మెత్తటి కమాను వేస్తే ఖాళీగా సుఖం, లోడుతో చాసిస్ ఇరుసును తన్నుతుంది. ఒకే ఉక్కు పట్టీల కట్ట రెండు బండ్లకు సేవ చేయాలంటే ఎక్కడో ఒకచోట రాజీ తప్పదు. కింద పొట్టిగా ఒక మందపాటి పట్టీ వేసి, లోడు పడ్డాకే అది ఆనేలా చేయడం ఆ రాజీల్లో తెలివైనది.

ఎత్తు సంగతి క్లుప్తంగా. గోగునార, వరి గడ్డి లాంటి సరుకు బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. రెండు చక్రాల మధ్య అడ్డం వెడల్పు 1.3 మీటర్లు, బరువు కేంద్రం ఎత్తు 60 సెంటీమీటర్లు అయితే బండి బోల్తా పడే ముందే టైర్లు జారతాయి, పడదు. కేంద్రం 1.3 మీటర్ల ఎత్తుకు పోతే జారడం కన్నా ముందు బోల్తానే వస్తుంది. వంశధార, నాగావళి వంతెనల మీద అడ్డగాలి కొట్టే రోజుల్లో గడ్డి బండి ఒరిగితే బరువు ఎక్కువై కాదు. తొట్టిలో నిలబడ్డ జనం కూడా ఇదే కోవలోకి వస్తారు, బస్తాల కన్నా అధ్వాన్నం కూడా. బస్తా మలుపులో అటువైపు ఒరగదు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదన్న నిబంధన పోలీసు వసూళ్ల కోసం పుట్టిందని అనుకునేవాళ్లు ఒకసారి ఈ లెక్క వేసుకోవాలి.

కాటా దగ్గర పది నిమిషాలు

ఇన్ని ఊహాలెక్కలు అక్కర్లేకుండా సొంత బండి సంగతి తెలుసుకునే దారి ప్రతి కాటా దగ్గరా ఉంది. ముందు చక్రాలను మాత్రమే కాటా పలక మీదకు ఎక్కించి ఒక తూకం. మొత్తం బండిని ఎక్కించి ఇంకో తూకం. ముందుకు నడిపి వెనక చక్రాలు మాత్రమే పలక మీద ఉండగా మూడోది. ముందు, వెనక కలిపితే మొత్తానికి కొద్ది కిలోల తేడాలో సరిపోవాలి. సరిపోకపోతే పలకకూ బయటి నేలకూ ఎత్తు తేడా ఉన్నట్టు. వెనక తూకాన్ని మొత్తంతో భాగించి ఇరుసుల మధ్య దూరంతో హెచ్చిస్తే, ముందు ఇరుసు నుంచి ఎంత దూరంలో బండి బరువు కేంద్రం ఉందో వస్తుంది. మన ఉదాహరణ బండికి ఖాళీగా అది 1.08 మీటర్లు, సరైన లోడుతో 1.55, తప్పు లోడుతో 1.75. ఈ మూడు అంకెల్ని చాసిస్ మీద సుద్దముక్కతో గీసి చూస్తే లోడు ఎలా పేర్చాలో హమాలీకి వేరే చెప్పక్కర్లేదు.

ఇరుసుల వారీ బరువు కొత్త సంగతి కూడా కాదు. 1988 మోటారు వాహనాల చట్టమే ఆర్‌సీలో ఖాళీ బరువు, మొత్తం బరువుతో పాటు ఇరుసుల బరువులు కూడా నమోదు చేయాలంటుంది. జనం నోట్లో మిగిలింది మాత్రం ఓవర్‌లోడ్ ఒక్కటే, ఎందుకంటే జరిమానా దానికే పడుతుంది. 2019 సవరణతో అది 20 వేల రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2 వేలు అయ్యాక ఆ మాటకు ఇంకా బలం వచ్చింది. మొత్తం బరువు హద్దులోనే ఉండి వెనక ఇరుసు హద్దు దాటిన బండి రోడ్డు మీద సాధారణంగా పట్టుబడదు. అది పట్టుబడేది బేరింగు దగ్గర, టైరు దగ్గర.

ఆర్‌సీలో రాసిన ఖాళీ బరువును కూడా పాత బండి విషయంలో నమ్మలేం. రిజిస్టర్ అయిన రోజు తర్వాత దాని మీద ఎన్ని చేరాయో ఎవరూ రాసుకోరు. ఫ్యాక్టరీ తొట్టి తుప్పు పట్టిందని ఇనుప యాంగిళ్లతో కొత్త బాడీ, పైన టార్పాలిన్ కమ్మీలు, వెనక మందపాటి బంపర్, తొట్టి అడుగున ఇంకో పొర రేకు. బాడీ కట్టే పనిలో సాలూరుకు పేరుంది. అక్కడ లారీలకు అలవాటైన మందం ఇనుము చిన్న పికప్‌కు ఎక్కువే. ఇలా వంద, నూట యాభై కిలోలు చేరితే రెండు జీడి పిక్కల బస్తాల జాగా పోయినట్టే, అదీ వెనక ఇరుసు వైపే పోయినట్టు. భావనపాడు, కళింగపట్నం లాంటి తీరపు ఊళ్లలో తిరిగిన బండైతే ఉప్పుగాలికి తుప్పు ఎక్కడ పట్టిందో చూడాలి. క్యాబిన్ వెనక, కమాన్ల కొక్కేల పైన చాసిస్ ఎక్కువగా వంగుతుంది. నీళ్లూ మట్టీ చేరి నిలిచేదీ అక్కడే. పైన రంగు తళతళలాడుతూ ఆ రెండు చోట్ల పట్టీలు అతికించి ఉంటే, కంపెనీ చెప్పిన టన్ను ఆ బండికి ఇక వర్తించదు.

ఈ మధ్య పాత పికప్‌లను సరదా కోసం బాగుచేయించి పెట్టుకునేవాళ్లు పెరుగుతున్నారు. వాళ్ల బండి జీవితమంతా ఖాళీగానే తిరుగుతుంది, మహా అయితే రెండు సంచులు, ఒక సైకిలు. అలాంటి బండికి లోడు రోజుల గాలి ఒత్తిడి వెనక టైర్లలో ఉంచడం అర్థం లేని పని. టైరు నడిమి భాగమే నేలకు తాకి అరుగుతుంది, పట్టూ తగ్గుతుంది. కమాన్ కట్టలోంచి ఒక పట్టీ తీసేస్తే ప్రయాణం ఎంతో మెత్తబడుతుంది. కాకపోతే పట్టీ తీయగానే చాసిస్ కాస్త దిగుతుంది, వాల్వు ఉన్న బండైతే దాని కడ్డీని అంతే మేర సరిచేయించాలి. లేకపోతే ఖాళీ బండిని లోడు బండి అనుకుని అది వెనక బ్రేకుల్ని బిగిస్తుంది. తీసిన పట్టీని పాత ఇనుము కొట్టుకు అమ్మేయకపోవడమే మంచిది. బంధువుల ఇంట్లో పెళ్లికి వంటపాత్రలు, బియ్యం బస్తాలు తేవాలని ఎవరో ఒకరు ఆ బండినే అడుగుతారు.